మోచెయ్యి లేచినప్పుడు

అక్క తల చెల్లెలి భుజం మీదికి వాలింది, మంచిదే, నిద్రపోతే మాట్లాడక్కర్లేదు అనుకుంది చెల్లెలు, అనుకున్న మరుక్షణమే తనని తాను తిట్టుకుంది, ఎందుకంటే ఇవాళ సెలవు పెట్టి మరీ వెంట వచ్చింది మాట్లాడడానికే కదా, ఊపిరి పరీక్ష గదిలోకి పిలిచేలోపు చెప్పెయ్యాలని, ఆ తర్వాత డాక్టరు ఇక క్లారినెట్ ముట్టుకోవద్దంటే అప్పుడు చెప్పినా ఒకటే చెప్పకపోయినా ఒకటే, కాబట్టి ఇప్పుడే, ఈ బల్ల మీదే. చెప్పాల్సింది కూడా పెద్ద కథేం కాదు. చూశానక్కా. అంతే. ఆ రోజు స్టేజీ మీద నీ మోచెయ్యి లేవడం నేను చూశాను. బస్ స్టేషన్లో మైకు ముందు కూర్చుని రోజంతా ఊళ్ళ పేర్లు గడగడా చదివే నోరు అది, ఆలస్యంగా వచ్చే ప్రతి బస్సు తరఫునా ప్రయాణికులని క్షమించమని అడిగే నోరు, సొంత అక్కని ఒక్కసారి అడగమంటే పెగలడం లేదు. మాట గొంతు దాకా వస్తోంది, అక్కడ మొరాయిస్తోంది. గొడుగుని మోకాళ్ళ మధ్య నిలబెట్టి రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. గొడుగు కొస నుంచి నీళ్ళు కారి నేల మీద చిన్న మడుగు కట్టింది. తుడిచే ఆవిడ వచ్చి మడుగునీ గొడుగునీ మనిషినీ ఒకే చూపుతో చూసి, గట్టిగా నిట్టూర్చి, తుడిచి వెళ్ళిపోయింది.

అక్క ఊపిరి చెవి పక్కనే వినబడుతోంది. లోపలికి పోయేటప్పుడు ఏమీ లేదు, బయటికి వచ్చేటప్పుడే చివర్న సన్నగా ఒక ఈల, సరిగ్గా మూతబడని తలుపు సందులోంచి గాలి వచ్చినట్టు. ఆ ఈల ఏ స్వరమో అని వెతుకుతోంది చెల్లెలి మనసు, సిగ్గులేని మనసు, అక్క ఊపిరి ఆడక ఈల వేస్తుంటే దానికి శ్రుతి కావాల్సి వచ్చింది. చిన్నప్పుడు ఒకే దుప్పటి కింద పడుకున్నప్పుడు ఈ ఈల లేదు. అప్పుడు అక్క ఊపిరి ఎంత పొడుగ్గా ఉండేదంటే చెల్లెలు దానితో పాటు పీల్చి, దానితో పాటు వదలాలని చూసి, మధ్యలోనే ఓడిపోయి, రెండు చిన్న ఊపిరులు దొంగతనంగా పీల్చేసేది. క్లారినెట్ చేతికిచ్చిన రోజున కూడా అక్క ముందు నేర్పింది వేళ్ళు కాదు, ఊపిరే. కడుపు మీద చెయ్యి పెట్టి, ఇక్కడ్నించి రావాలి, గొంతులోంచి కాదు అంది. ఆ తర్వాత బుగ్గలు. బుగ్గలు ఉబ్బించడం అక్క దృష్టిలో మహాపాపం. గాలిని బుగ్గల్లో దాచుకునేవాళ్ళు వాయించేది పాట కాదు, బూర అనేది. తన టైలరింగ్ కొట్టులో బట్ట మీద గుర్తులు పెట్టే సుద్ద తీసి చెల్లెలి రెండు బుగ్గల మీదా నిలువుగా చెరో గీత గీసి, కొలతల అద్దం ముందు నిలబెట్టేది. గీత వంగిందా, మళ్ళీ మొదటికి. ప్యాంట్లు కురచ చేయించుకోవడానికి వచ్చినవాళ్ళు, బుగ్గల మీద తెల్ల గీతలతో కళ్ళనీళ్ళు పెట్టుకుని క్లారినెట్ ఊదుతున్న పిల్లని చూసి ఇదేం శిక్ష అని అడిగితే, శిక్ష కాదండీ, కొలత అనేది అక్క, నోట్లో గుండుసూదులు పెట్టుకునే.

ఆ కొలతతోనే చెల్లెలు మనిషైంది, అక్కతో సమానంగా బ్యాండులో కుర్చీ వేయించుకుంది. పక్కపక్క కుర్చీలు. పాటలో పొడుగు స్వరం వచ్చినప్పుడల్లా ఇద్దరూ కలిసి పట్టుకునేవాళ్ళు, ఒకరి తర్వాత ఒకరు ఊపిరి తీసుకునేవాళ్ళు, వినేవాళ్ళకి ఎక్కడా తెగినట్టు తెలిసేది కాదు. దానికి అక్క ఒక పద్ధతి పెట్టింది. ఊపిరి కావాల్సినవాళ్ళు ఎడమ మోచెయ్యి కొంచెం ఎత్తాలి. రెండోవాళ్ళు చూసి, క్లారినెట్ కింది మూతిని అంగుళం కిందికి వంచాలి. పట్టుకున్నాను, నువ్వు వదులు అని అర్థం. మూతి వంగేదాకా వదలకూడదు, ప్రాణం పోతున్నా సరే. జవాబు రాకుండా వదిలేస్తే, కింద చేతులు పట్టారో లేదో చూసుకోకుండా మేడ మీంచి పసిపిల్లని వదిలేసినట్టే అనేది అక్క, ఆ పసిపిల్ల పాట. మిగతా బ్యాండంతా వాళ్ళని చూసి నవ్వేది. డ్రమ్ము వాయించే ఆయనైతే, మీ ఇద్దరికీ కలిపి ఊపిరితిత్తులు మూడేనా అమ్మా అని అడిగేవాడు. చెల్లెలికి మాత్రం అక్క మోచెయ్యి లేచినప్పుడల్లా ఒళ్ళంతా గర్వంగా ఉండేది, పన్నెండేళ్ళ పిల్లప్పుడూ ఉండేది, ఇద్దరు పిల్లల తల్లయ్యాకా ఉండేది, ఇంత పెద్ద అక్క తన మీద ఆనుకుంటోందని. మరి ఆ గర్వం ఎప్పుడు విసుగైంది? ఏ పాటలో?

వరండా చివర్న నీళ్ళ డబ్బాలో గుడగుడమని బుడగలు లేచాయి. ఎవరో కాగితం గ్లాసు పట్టుకుని నిలబడ్డారు. చెల్లెలు తల తిప్పేసుకుంది, ఆ బుడగల్ని చూడలేకపోయింది. అప్పట్లో తన వంటింట్లోనూ ఇలాంటి బుడగలే, గ్లాసుడు నీళ్ళు, అందులో ఒక స్ట్రా, స్ట్రాలోంచి ఊదుతూ బుడగలు ఆగకుండా చూడాలి, ఊదుతూనే ముక్కుతో గాలి పీల్చుకోవాలి. గుండ్రటి ఊపిరి అన్నాడు దాన్ని బుగ్గలాయన. వేరే బ్యాండు నుంచి ఒక కచేరీకి అతిథిగా వచ్చిన శాక్సోఫోన్ ఆయన, పేరేదో ఉంది గానీ ఆయన బుగ్గలు చూశాక ఎవరికీ పేరు గుర్తుండలేదు. టీ విరామంలో నేర్పాడు. గాలి అయిపోయే ముందు బుగ్గల్లో కాస్త దాచుకో, ఆ బుగ్గల గాలిని పెదాలతో బయటికి నెడుతూ, ఆ లోపు ముక్కుతో చటుక్కున పీల్చెయ్యి, చూసేవాళ్ళకి పువ్వు వాసన చూసినట్టు ఉండాలి, వినేవాళ్ళకి అసలేమీ తెలియకూడదు. బుగ్గల్లో. అక్క సుద్దగీతలు గీసిన బుగ్గల్లో. అందుకే కొట్టు దగ్గర కాదు, రిహార్సల్‌లో కాదు, వంటింట్లో తలుపేసుకుని నేర్చుకుంది. గ్లాసులో చేపల్ని పెంచుతున్నావా ఏంటి అని వాళ్ళాయన అడిగాడు. నీళ్ళు ముక్కులోకి పోయి, దగ్గి, చీర తడిసి, మళ్ళీ ఊది, బుగ్గల గాలి అయిపోయి లోపలి గాలి అందుకునే చోట బుడగలు తెగిపోయి, మళ్ళీ మొదలు. ఆ అతుకే కష్టం. స్ట్రాలో కుదిరాక ఒట్టి మౌత్‌పీసు మీద, అక్కడ కుదిరాక క్లారినెట్ మీద, ప్రతిసారీ అతుకు దగ్గర స్వరం తూలిపోయేది, కుంటివాడు గడప దాటినట్టు. చివరికి ఆఫీసులో కూడా అదే యావ. మైకులో ఊళ్ళ పేర్లన్నీ ఒకే ఊపిరిలో అల్లేసి చదువుతుంటే మేనేజరు పరుగున వచ్చాడు. అమ్మా తల్లీ, ఊరికీ ఊరికీ మధ్య కాస్త ఆగు, జనం ఏ బస్సెక్కాలో తెలియక అందరూ ఒకే బస్సెక్కుతున్నారు అన్నాడు.

అక్క కోసమే నేర్చుకుంది. మొదట్లో నిజంగా అక్క కోసమే, ఆ మాట దేవుడి ముందైనా చెప్తుంది. అక్క మోచెయ్యి ఈమధ్య మాటిమాటికీ లేస్తోంది, ఒకసారి దిగి సర్దుకునేలోపే మళ్ళీ లేస్తోంది, తనకి ఆగని ఊపిరి ఉంటే అక్క ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు తీసుకోవచ్చు కదా అని. అక్క కోసమేనా? అయితే రిహార్సల్‌లో అందరి ముందూ ఆ మాట అన్నదెవరు? అక్కా, నన్ను కూడా కాస్త ఊపిరి పీల్చుకోనిస్తావా, అని. వేళాకోళంగానే అంది, అందరూ నవ్వారు, అక్క కూడా నవ్వింది, రుమాలుతో మౌత్‌పీసు తుడుచుకుంటూ కాస్త ఎక్కువసేపే నవ్వింది. ఆ తర్వాత అక్క మోచెయ్యి ఎత్తడం తగ్గించేసింది. ముఖం ఎర్రబడేది, మెడ మీద నరాలు తేలేవి, అయినా ఎత్తేది కాదు. చెల్లెలికది కనిపించలేదా? కనిపించింది. హాయిగా ఉంది కూడా. అదీ తన బతుకు.

వాన పెద్దదైంది. వరండా రేకుల మీద టపటపా మొదలై కాసేపటికి చినుకుకీ చినుకుకీ తేడా తెలియకుండా అయిపోయింది. చప్పట్లు అలాగే మొదలయ్యాయి ఆ సాయంత్రం. పాట చివర్న అందరి వాద్యాలూ ఆగిపోయి క్లారినెట్లు రెండే మిగిలే చోటు అది, ఆ ఒక్క స్వరాన్ని ఇద్దరూ పట్టుకుని, బ్యాండు నడిపే మాస్టారు చెయ్యి దించేదాకా మోయాలి. చెల్లెలు అప్పటిదాకా గుండ్రటి ఊపిరి జనం ముందు వాడలేదు. ఆ రోజు కూడా వాడదామనుకోలేదు, దానంతటదే వచ్చింది, బుగ్గల్లో గాలి దానంతటదే నిండింది, ముక్కు దానంతటదే పీల్చింది, అతుకు రాలేదు. మళ్ళీ పీల్చింది. అతుకు లేదు. స్వరం ఎవరిదో అయిపోయింది, తన లోపలే పుట్టి తనని దాటిపోయి హాలంతా నిలబడింది. ముందు వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు, ఆ చప్పట్లు వెనక్కి పాకాయి. మాస్టారికి సరదా పుట్టి చెయ్యి దించలేదు. అప్పుడు కుడి కంటి చివర్న అక్క ఎడమ మోచెయ్యి లేచింది. ఎన్నో వారాల తర్వాత లేచింది. ఆఖరి గాలి దాకా ఆగి ఆగి లేచిందన్నమాట, ఆ సంగతి కూడా చెల్లెలికి తెలుసు. క్లారినెట్ అంగుళం వంచితే చాలు. వంచితే పెదాల పట్టు కదులుతుంది, కదిలితే అతుకు పడుతుందేమో, అది ఒక సాకు. ఇంకోటి ఉంది. నీ అవసరం లేకుండా నేను ఎంత దూరం వెళ్ళగలనో విను అక్కా, అని ఉంది. ఒక్కసారి, ఒక్క స్వరం, మొత్తం నాదే కావాలి అని ఉంది. మోచెయ్యి ఇంకాస్త లేచింది. చూస్తూనే ఉంది. వంచలేదు. పక్కన స్వరం సన్నబడి, వణికి, అయినా ఆగకుండా, జవాబు కోసం చూస్తూ, తను పెట్టిన పద్ధతి తను తప్పకుండా, గాలి లేని ఒట్టి చప్పుడై, ఆ తర్వాత కుర్చీ శబ్దం. మనిషి ముందుకి పడిపోయింది. మౌత్‌పీసు తగిలి కింది పెదవి చీలింది. చెల్లెలి స్వరం అప్పుడు కూడా ఇంకొక్క క్షణం మోగింది. హాలంతా లేచి నిలబడుతుంటే, ఆగిపోయిన మిగతా చప్పుళ్ళన్నిటి మధ్యా ఆ స్వరం అతుకు లేకుండా, అందంగా, ఇంకొక్క క్షణం.

పడినందువల్ల జబ్బు రాలేదని డాక్టరు చెప్పాడు. ఏళ్ళ తరబడి కొట్టులో బట్టల నూగు పీల్చి ఊపిరితిత్తులు ముందే దెబ్బతిన్నాయిట, పడబట్టే బయటపడిందిట, ఒకరకంగా మంచిదే అయిందిట. మంచిదే అయిందని బంధువులు కూడా అన్నారు. పెదవికి వేసిన కుట్లు చూసి, ఇంతకన్నా నేనే నీటుగా వేసుకునేదాన్ని అంది అక్క. ఇక చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళూ, పక్కనే ఉండి నువ్వెలా చూసుకోలేదమ్మా అని చెల్లెల్ని అడుగుతారేమోనని, వాళ్ళు అడక్కముందే మంచం మీంచే అక్క అందుకునేది. పాపం దానికేం తెలుసండీ, అది కళ్ళు మూసుకుని వాయిస్తుంది, నేను చెయ్యెత్తడం చూడలేదు. వచ్చినవాళ్ళు చెల్లెలి భుజం తట్టేవాళ్ళు. నీ తప్పేం లేదమ్మా. డ్రమ్ము ఆయన తట్టాడు, మాస్టారు తట్టాడు, వాళ్ళాయన తట్టాడు, తట్టి తట్టి భుజం పుండు చేశారు, అదే భుజం మీద ఇప్పుడు అక్క తల పెట్టుకుని పడుకుంది. కళ్ళు మూసుకుని వాయిస్తుందిట. చిన్నప్పట్నించీ వాయించేటప్పుడు చెల్లెలి కళ్ళు ఒక్కచోట కుదురుగా ఉంటే కదా. జనంలో ఎవరు ఏ జాకెట్టు కుట్టించుకున్నారో చూస్తావా, పాట వాయిస్తావా అని తిట్టిందెవరు? అక్కే. మరి అక్క ఆ సంగతి మర్చిపోయిందా? లేక, అని ఆలోచన అక్కడిదాకా వచ్చి ఆగిపోతుంది ప్రతిసారీ, ఆ లేక దాటి అడుగు వెయ్యడానికి ధైర్యం చాలదు. చూశానక్కా. ఒక్క మాట. అక్కా, లే, నీతో ఒక మాట చెప్పాలి. భుజం కొంచెం కదిపింది, అక్క తల కొంచెం సర్దుకుంది, ఈల వచ్చింది, పోనీ ఈ ఊపిరి అయ్యాక, పోనీ తర్వాతి ఊపిరి అయ్యాక.

మైకులో అక్క నంబరు పిలిచారు. ఆఖరి అక్షరం మింగేశారు, తనైతే మింగేది కాదు అనుకుంది చెల్లెలు, ఇలాంటప్పుడు కూడా అనుకుంది. అక్క ఉలిక్కిపడి లేచింది.

“మనదేనా? గురక పెట్టానా ఏంటే?”

“లేదక్కా.”

“అబద్ధాలాడకు. నా గురకకి నాకే మెలకువ వచ్చింది.”

“అక్కా, లోపలికెళ్ళే ముందు నీకో మాట...”

“గొడుగు మర్చిపోయేవు, పట్టుకో,” అంటూ అక్క గోడ పట్టుకుని నడక మొదలెట్టింది. చెల్లెలు గొడుగు పట్టుకుని వెనకే వెళ్ళింది.

గది చిన్నది. ఒక బల్ల, బల్ల మీద కంప్యూటరు, దానికి తగిలించిన తెల్ల గొట్టం, పరీక్ష చేసే అమ్మాయి. గోడకి ఒక పెద్ద గడియారం. అక్కని కుర్చీలో కూర్చోబెట్టి, చెల్లెలికి ఎదురుగా స్టూలు చూపించింది ఆ అమ్మాయి. అక్క ముక్కుకి క్లిప్పు పెట్టింది. ముక్కు మూసేశాక ఇక ఏ గుండ్రటి ఊపిరీ లేదు, బుగ్గలాయనైనా సరే ఉన్న గాలితోనే సరిపెట్టుకోవాలి.

“గట్టిగా గాలి పీల్చి, ఒక్కసారిగా ఈ గొట్టంలోకి ఊదెయ్యాలమ్మా. నేను చాలు అనేదాకా ఆపకూడదు.”

“ఆపకుండా ఊదడం మా ఇంటిపనేలే,” అంది అక్క, క్లిప్పు వల్ల గొంతు ముద్దముద్దగా వచ్చింది.

అక్క పీల్చింది. ఊదింది. కంప్యూటరు మీద గీత నిలువుగా లేచి, వంగి, పడకేసింది. ఇంకా, ఇంకా, ఊదండమ్మా, ఇంకా ఉంది, ఇంకా అంటోంది అమ్మాయి, చేత్తో విసురుతూ. అక్క ముఖం ఎర్రబడింది. మెడ మీద నరాలు తేలాయి. పెదవి మీద కుట్టు మచ్చ తెల్లగా అయింది. అప్పుడు అక్క ఎడమ మోచెయ్యి లేచింది. చెల్లెలు ఏమీ అనుకోలేదు, అనుకునే వ్యవధి లేదు, మోకాళ్ళ మధ్య రెండు చేతులతో పట్టుకున్న గొడుగు దానంతటదే అంగుళం కిందికి వంగింది.

అక్క గొట్టం వదిలేసింది.

“అయ్యో, ఆపేశారేంటమ్మా! ఇంకాసేపు ఊదాలి, ఇది లెక్కలోకి రాదు!”

అక్క క్లిప్పు తీసుకుని దగ్గింది, దగ్గుల మధ్యలో నవ్వు, నవ్వు మధ్యలో ఈల. “నేనేం చెయ్యనమ్మా? అది పట్టుకుంటానంది. వదిలేశాను.”

అమ్మాయి ఇద్దరి ముఖాలూ చూసి, గొడుగు చూసి, ఏమీ అర్థం కాక కంప్యూటరు వైపు తిరిగింది. చెల్లెలి గొంతులో ఇన్నాళ్ళూ మొరాయించింది బయటికి వచ్చేసింది, ఏ జాగ్రత్తా లేకుండా, మైకులో ఎప్పుడూ రానంత వికారంగా.

“చూశానక్కా. ఆ రోజు. నీ చెయ్యి లేవడం చూశాను. చూసి కూడా...”

“తెలుసు.”

“తెలుసా?”

“పక్కన కూర్చున్నదాన్ని, నాకు తెలీదా? నువ్వు వాయిస్తూ కళ్ళు మూసుకుందెప్పుడే?” అక్క గొట్టం చివర్ని రుమాలుతో తుడవబోయి, అది క్లారినెట్ కాదని గుర్తొచ్చి ఆగింది.

“మరి అందరితో అలా ఎందుకు చెప్పావు?”

“మరేం చెప్పమంటావు? మా చెల్లెలు నన్ను చూసి కూడా పట్టించుకోలేదని చెప్పనా? నా పరువు పోదూ?”

“కోపం రాలేదా అక్కా?”

“వచ్చింది. ఇంకా ఉంది.” కాసేపు ఊపిరి కోసం ఆగింది. “బుగ్గల నిండా గాలి పెట్టుకుని ఊదావు, అదీ చూశాను. అంత ఊదినా ఎక్కడా అతుకు వినబడలేదు. మంచం మీద పడుకుని వెతికాను, ఒక్కటైనా దొరుకుతుందేమోనని. ఒళ్ళు మండేది అందుకే.”

చెల్లెలు ఏడుస్తోంది. అమ్మాయి గొంతు సవరించుకుంది. మళ్ళీ ఊదాలమ్మా, బయట చాలామంది ఉన్నారు అంది, మర్యాదగానే. అక్క క్లిప్పు తనే పెట్టుకుని, గొట్టం నోటి దాకా తెచ్చి, ఆగి, చెల్లెలి వైపు చూసింది.

“నువ్వు అటు తిరిగి కూర్చో. ఎదురుగా ఉంటే నేను వదిలేస్తాను.”

చెల్లెలు స్టూలు మీద గోడ వైపు తిరిగింది. గొడుగు పక్కన పెట్టేసింది. వెనక అక్క గాలి పీల్చడం వినబడింది, ఆ పీల్చడం ఎంత చిన్నగా ఉందంటే, ఒకే దుప్పటి కింద తను దొంగతనంగా పీల్చుకున్న ఊపిరులు గుర్తొచ్చాయి. ఊదడం మొదలైంది. ఇంకా, ఇంకా, ఊదండి, ఇంకా. గోడ మీది గడియారం అద్దంలో గదంతా చిన్నగా కనిపిస్తోంది, కంప్యూటరు వెలుగు, అమ్మాయి చెయ్యి, అక్క భుజం, భుజం కింద ఇంకొంచెం. తల అంగుళం పక్కకి జరిపితే మోచెయ్యి కూడా కనిపిస్తుంది. చెల్లెలు కళ్ళు గట్టిగా మూసుకుంది. వెనక గాలి సన్నబడుతోంది, ఈల మొదలైంది, అమ్మాయి ఇంకా చాలు అనలేదు.